సేత్వారు నుంచి పాసుపుస్తకం దాకా: తరిగొప్పుల ప్రాంతపు రైతు వంశక్రమం

పల్లె వంశాల చరిత్ర – నాలుగవ భాగం

రాజుల వంశక్రమం శాసనాలలోను, కవుల వంశక్రమం కావ్యాల అవతారికలలోను నిలిచి ఉంది. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర గ్రామస్థుడని స్థానిక సంప్రదాయం చెప్పే పోతన, భాగవతం అవతారికలో తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన పేర్లతో సహా తన వంశాన్ని చెప్పుకున్నందువల్లనే అయిదు వందల ఏళ్లు దాటిన తరువాత కూడా ఆ కుటుంబాన్ని గురించి మాట్లాడుకోవడం సాధ్యమవుతున్నది. ఆ చుట్టుపక్కల నేలనే తరతరాలుగా దున్నిన రైతు కుటుంబాలకు అటువంటి అవతారికలు లేవు. రైతు పేరు రాతలోకి ఎక్కింది ప్రధానంగా శిస్తు వసూలు కోసమే కాబట్టి, అతని వంశచరిత్రకు మొదటి ఆధారం పన్ను లెక్కే అవుతుంది. అయితే ఆ లెక్క కొందరి పేర్లను భద్రపరచి మరికొందరి పేర్లను పూర్తిగా వదిలివేసింది. గత భాగంలో ఇంటిపేర్లను, గోత్రాలను పరిశీలించిన తరువాత, ఈ భాగంలో తరిగొప్పుల ప్రాంతాన్ని ఆధారం చేసుకొని, ఒక వ్యవసాయ కుటుంబపు తరాలను కాగితాల ద్వారా ఎంత దూరం వెనక్కి పట్టుకోవచ్చో, కాగితం ఆగిన చోట జ్ఞాపకం ఎలా అందుకుంటుందో వివరించడం జరుగుతుంది.

ఊరు ఒకటే, కచేరీలు అనేకం

వంశక్రమాన్ని వెతికేవారు మొదట తెలుసుకోవలసింది, తమ ఊరు ఏ కాలంలో ఏ జిల్లా కింద ఉన్నదన్న విషయం. నిజాం పాలనలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగంగా ఉండేది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడిన కాలంలో ఈ తాలూకా వరంగల్ జిల్లాకు మారింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినప్పుడు తరిగొప్పుల నర్మెట మండలంలో చేరింది. 2016 అక్టోబరు 11న జనగామ కొత్త జిల్లాగా ఏర్పడినప్పుడు తరిగొప్పుల స్వయంగా మండల కేంద్రమై, అక్కరాజుపల్లి, అబ్దుల్ నాగారం, సోలిపురం వంటి గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఇల్లు కదలకుండా, పొలం కదలకుండా ఒకే కుటుంబం డెబ్బై ఏళ్లలోపు మూడు జిల్లాల పేర్లు రాసుకోవలసి వచ్చిందన్నమాట. అందువల్ల తాత కాలపు కాగితంలో జిల్లా నల్లగొండ అని కనిపించినంత మాత్రాన ఆ కుటుంబం వేరే చోటి నుంచి వలస వచ్చిందని తేల్చడం తగదు. పాత దస్తరాలు కూడా ఈ మార్పుల వెంట చెదిరి ఉండే అవకాశం ఉంటుంది కనుక, మండల కచేరీలో దొరకనిది జిల్లా సర్వే, భూమి రికార్డుల కార్యాలయంలోనో, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్ర భాండాగారంలోనో వెతకవలసి వస్తుంది.

సర్కారు లెక్కలో తాతలు

ఇంగ్లండులో 1538 నుంచి ప్రతి చర్చి తన పరిధిలోని బాప్తిస్మాలను, పెళ్లిళ్లను, ఖననాలను పుస్తకంలో రాయాలన్న ఆజ్ఞ ఉండడంవల్ల, అక్కడి సామాన్య రైతు కూడా తన వంశాన్ని నాలుగైదు శతాబ్దాల వెనక్కి వెతుక్కోగలుగుతున్నాడు. తెలంగాణ పల్లెలో పుట్టుకను, పెళ్లిని, చావును అలా వరుసగా రాసిపెట్టిన పాత పుస్తకం లేదు. ఇక్కడ ఆ లోటును కొంతవరకు తీర్చేది భూమి లెక్క.

హైదరాబాదు రాజ్యంలో మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1865లో జిలాబందీ అనే జిల్లాల విభజన జరిగింది. అంతకుముందు శిస్తు వసూలును గుత్తకు తీసుకున్నవారి స్థానంలో సర్కారు ఉద్యోగులు వచ్చారు. ఆ తరువాత బొంబాయి ప్రెసిడెన్సీ పద్ధతిని అనుసరించి భూముల కొలత, శిస్తు నిర్ణయం మొదలయ్యాయి. ప్రతి పొలానికి ఒక సర్వే నంబరు ఇచ్చి, దాని విస్తీర్ణం, అది నీటి పారకం గల తరి భూమా లేక వానపై ఆధారపడిన ఖుష్కీ భూమా అన్న వివరం, శిస్తు, పట్టాదారు పేరు నమోదు చేసిన మూల పుస్తకాన్ని సేత్వారు అంటారు. దాని తరువాత జరిగిన సవరణ కొలతలో పాత నంబరుకు కొత్త నంబరుకు సంబంధం చూపిన పుస్తకాన్ని వసూల్ బాకీ అని, ఏటేటా వచ్చిన మార్పులను చూపిన పుస్తకాన్ని ఫైసల్ పట్టీ అని వ్యవహరిస్తారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకొని చదివితే ఒకే పొలం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారిన వరుస తెలుస్తుంది. ఆ వరుసే చాలా సందర్భాలలో తండ్రి నుంచి కొడుకుకు సాగిన వరుస అవుతుంది.

ఈ పుస్తకాలలో సంవత్సరం ఫసలీ లెక్కన ఉంటుంది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ వ్యవసాయ సంవత్సరం మొదలైన క్రీస్తు శకం వస్తుంది. 1317 ఫసలీ నాటి హైదరాబాదు భూమి శిస్తు చట్టం 1907–08 నాటిది, 1364 ఫసలీ నాటి పహాణీ, అంటే సాగు వివరాల లెక్క, 1954–55 నాటిది అని అలా తెలుసుకోవచ్చు. పేర్లను కలిపే మాటలు కూడా ఉర్దూవే. 'వల్ద్' అంటే ఫలానా వారి కొడుకు, 'జౌజే' అంటే ఫలానా వారి భార్య, 'బేవా' అంటే వితంతువు, 'ఫౌతీ' అంటే చనిపోయిన వ్యక్తి, 'విరాసత్' అంటే చనిపోయినవారి పట్టా వారసుల పేరిట మారడం. ఒక పుస్తకంలో ఒక సర్వే నంబరు ఎదుట 'మల్లయ్య వల్ద్ కొమురయ్య' అని, ముప్ఫై ఏళ్ల తరువాతి పుస్తకంలో అదే నంబరు ఎదుట 'రాజయ్య వల్ద్ మల్లయ్య' అని ఉంటే, మూడు తరాలు గొలుసు కొక్కేల మాదిరిగా ఒకదానికొకటి తగులుకుంటాయి. రాత ఉర్దూ లిపిలో, అందులోను కచేరీ గుమాస్తాలు గబగబా రాసే శికస్తా అనే దస్తూరిలో ఉండడంవల్ల ఒక జాగ్రత్త అవసరం. ఆ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణంగా గుర్తులతో చూపరు, ళకారానికి వేరు అక్షరం లేదు. కాబట్టి తెలుగు పేరు ఒక్కో నకలులో ఒక్కో విధంగా చదవబడుతుంది. రెండు వేర్వేరు పేర్లుగా కనిపించేవి ఒకే మనిషివి కావచ్చునని గుర్తుంచుకోవాలి.

ఖాస్రా పహాణీ: ఒక తరపు నిలువుటద్దం

తెలంగాణలో వంశక్రమానికి అన్నిటికంటె ఎక్కువగా ఉపకరించే పత్రం 1954–55 నాటి ఖాస్రా పహాణీ. 1358 ఫసలీ నాటి భూమి హక్కుల రికార్డు నిబంధనల వెలుగులో, ప్రతి గ్రామంలో ప్రతి సర్వే నంబరును చూసి, పట్టా ఎవరిది, సాగు ఎవరిది, ఏ హక్కుతో సాగు చేస్తున్నారు అన్న వివరాలను వేర్వేరు గడులలో నింపారు. భూమి తగాదాలలో న్యాయస్థానాలు ఈనాటికీ ఈ పత్రానికి గట్టి విలువ ఇస్తున్నాయి. ఇందులో వంశచరిత్రకారుడు ప్రత్యేకంగా చూడవలసిన మాట 'శిక్మీదారు'. పట్టాదారుతో సమానంగా భూమిపై హక్కు గలవాడు, లేదా మొదటి నుంచీ అతనితో కలిసి అనుభవంలో ఉన్నవాడు శిక్మీదారు. పట్టాదారు వద్ద కౌలుకు చేసేవాడు ఆసామీ శిక్మీ. పట్టాలో పెద్దన్న పేరు ఒక్కటే ఉండి, తమ్ములు శిక్మీదారులుగా నమోదైన సందర్భాలలో, ఒక్క గడి చదవకుండా వదిలితే ఒక శాఖకు శాఖే వంశవృక్షం నుంచి రాలిపోతుంది.

1954–55లో ఇంటి పెద్దగా పట్టాలో ఉన్న మనిషికి అప్పుడు యాభై ఏళ్లు ఉన్నాయనుకుంటే, అతడు 1905 ప్రాంతంలో పుట్టి ఉంటాడు. తరానికి పాతికేళ్ల చొప్పున లెక్కిస్తే 'వల్ద్' తరువాత కనిపించే అతని తండ్రి 1880 ప్రాంతంలో, తాత 1855 ప్రాంతంలో పుట్టి ఉంటారు. అంటే ఒక్క ఖాస్రా పహాణీ గడి, ఈనాటి బడిపిల్లవాడిని జిలాబందీ కాలపు మనిషి గుమ్మం దాకా తీసుకుపోగలదు.

తరువాతి కాలపు పహాణీలలో సర్వే నంబరు చీలిక కూడా ఒక వంశపత్రమే. నలభై గుంటలు ఒక ఎకరం. ఉదాహరణకు 8 ఎకరాల 20 గుంటల పొలం, అంటే 340 గుంటలు, కొంతకాలానికి అ, ఆ, ఇ, ఈ అనే నాలుగు ఉపసంఖ్యలుగా విడిపోయి ఒక్కొక్కటి 2 ఎకరాల 5 గుంటలైతే, నలుగురు అన్నదమ్ములు సమానంగా పంచుకున్నారని భావించవచ్చు. ఆ నాలుగింటిలో ఒకటి మళ్లీ 1 ఎకరం 2½ గుంటల చొప్పున రెండు ముక్కలైతే, ఆ శాఖలో ఇద్దరు వారసులున్నారన్నమాట. ఒక భాగం మాత్రం కొంతకాలానికి అన్న కొడుకు పేరిట కనిపిస్తే, సంతానం లేని తమ్ముడు దత్తత తీసుకున్నాడా అని విచారించాలి. వేరే ఇంటిపేరు గల మనిషి పేరిట కనిపిస్తే, అది అమ్మకమా లేక కొడుకులు లేని ఇంటికి అల్లుడు వచ్చి నిలిచిన ఇల్లరికమా అని విచారించాలి. అమ్మకాలలో చాలా వాటికి రిజిస్ట్రేషన్ ఉండదు. తెల్లకాగితంపై రాసుకున్న సాదా బైనామాలు ఇళ్లలోనే ఉంటాయి కాబట్టి, ట్రంకు పెట్టెలో మిగిలిన పాత కాగితాన్ని చెత్తగా భావించి పారవేయడం వంశచరిత్రకు పెద్ద నష్టం.

కాగితం ఎవరిని దాచింది

ఇంత వివరంగా కనిపించే ఈ రికార్డులు నిజానికి ఊరిలో ఒక భాగాన్ని మాత్రమే చూపుతాయి. మాలీ పటేల్ శిస్తు వసూలు చేయగా, పోలీసు పటేల్ శాంతిభద్రతలు చూడగా, లెక్క రాసే పని వంశపారంపర్యంగా పట్వారీ చేతిలో ఉండేది. ఈ వ్యవస్థ 1984లో రద్దయ్యేదాకా విరాసత్ జరగాలంటే పట్వారీ కలం కదలవలసిందే. కదలని చోట చనిపోయిన తాత పేరే మనుమల కాలం దాకా పట్టాదారుగా కొనసాగింది. కాబట్టి ఒక పేరు యాభై ఏళ్లు వరుసగా కనిపిస్తే ఆ మనిషి యాభై ఏళ్లు సాగు చేశాడని అనుకోకూడదు.

కౌలుదార్ల సంగతి మరింత క్లిష్టమైనది. తరిగొప్పుల ఉన్న జనగామ ప్రాంతమే తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి పురుడు పోసిన నేల. చాకలి ఐలమ్మగా పేరొందిన చిట్యాల ఐలమ్మ కుటుంబం పాలకుర్తిలో మల్లంపల్లి భూస్వామి భూమిని కౌలుకు తీసుకొని సాగు చేసింది. ఆ పంటను, భూమిని తన వశం చేసుకోవాలని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ప్రయత్నించినప్పుడు, ఆమె రైతుల సంఘం అండతో ఎదిరించి పంటను ఇంటికి చేర్చుకుంది. 1985లో మరణించిన ఐలమ్మ చరిత్ర ఈనాడు రాష్ట్రమంతటికీ తెలుసు. కాని ఆమె వలె కౌలు భూమిలో చెమటోడ్చిన వేలాది కుటుంబాలు పట్టాదారు గడిని మాత్రమే చదివేవారికి కనిపించవు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణాలు కోల్పోవడంతో తీవ్రమైన ఆ పోరాటం తరువాత, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు ఉత్తర్వు, 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చాయి. ఆ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల పుస్తకం, తరువాత అదే చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద కౌలుదార్లకు ఇచ్చిన యాజమాన్య పత్రాలు, భూమిలేని పేదలకు ప్రభుత్వ భూమిని ఇచ్చిన లావుణీ పట్టాలు, ఎన్నో కుటుంబాల పేర్లను మొదటిసారిగా సర్కారు కాగితంపైకి తెచ్చాయి. తాత పేరు సేత్వారులో లేదని నిరాశపడే కుటుంబం ముందుగా చూడవలసిన పత్రాలు ఇవే. పెద్ద కమతాలు గల కుటుంబాలకు 1973 నాటి భూపరిమితి చట్టం కింద ఇచ్చిన వాంగ్మూలాలు ఉపకరిస్తాయి, ఎందుకంటే వాటిలో కుటుంబ సభ్యుల వివరాలు చెప్పవలసి ఉండేది.

ఇంకా పెద్ద లోటు స్త్రీలది. పాత పహాణీలో స్త్రీ పేరు కనిపించేది ఎక్కువగా భర్త చనిపోయి కొడుకులు చిన్నవారైనప్పుడే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి ఆస్తిలో కొంత హక్కు ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ద్వారా, దేశమంతా 2005 సవరణ ద్వారా గుర్తించాయి. అంతకుముందు తరాల ఆడపడుచులు ఏ ఊరికి కోడళ్లయ్యారో, ఇంటికి వచ్చిన కోడళ్లు ఏ ఊరి ఆడపడుచులో భూమి లెక్క చెప్పదు. సగం వంశాన్ని వదిలిన ఆ లెక్కను జ్ఞాపకంతోనే పూరించాలి.

నోటి మాటలో నిలిచిన తరాలు

తెలంగాణ పల్లెలో జ్ఞాపకం కూడా గాలివాటుగా సాగలేదు, దానికీ కట్టుబాట్లు ఉన్నాయి. ఇంట్లో చావు జరిగితే ఎవరెవరు మైల పాటించాలో నిర్ణయించే పాలోళ్ల వరుస, అంటే ఒకే మూలపురుషుని నుంచి వచ్చిన మగ శాఖల వరుస, ఊరి పెద్దలకు నోటికి వచ్చి ఉంటుంది. బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాస నాడు పెద్దల పేరిట బియ్యం, కూరగాయలు ఇచ్చేటప్పుడు చనిపోయినవారి పేర్లు తలచుకుంటారు. పహాణీలో లేని నానమ్మ, అవ్వ, జేజెమ్మ పేర్లు ఆ ఒక్క రోజు పైకి వస్తాయి.

వీటికి తోడు, కులాలను ఆశ్రయించి వంశగాథలు చెప్పే కళాకారుల సంప్రదాయం ఈ ప్రాంతంలో బలమైనది. రెడ్లకు పిచ్చకుంట్లవారు, గొల్లలకు మందెచ్చులు, కురుమలకు ఒగ్గువారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, గౌడులకు గౌడజెట్టీలు, పద్మశాలీలకు కూనపులివారు కథ చెప్పి, దానికి ప్రతిఫలంగా ధాన్యమో రొక్కమో పొందే హక్కు కలిగి ఉండేవారు. వీరిలో గోత్రాలు, ఇంటిపేర్లు చదవడంలో పేరు పొందిన పిచ్చకుంట్లవారిని ప్రభుత్వం తరువాత వెనుకబడిన తరగతుల జాబితాలో 'వంశరాజ్' అనే పేరుతో గుర్తించింది. తరిగొప్పులకు పొరుగున ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసే పొడవైన పటాలు ఇటువంటి కథకుల కోసమే పుట్టినవి. ఒగ్గు కథను దేశమంతటా వినిపించిన చుక్క సత్తయ్య కూడా ఈ జనగామ ప్రాంతం వారే. ఈ కథలలో కులపు పుట్టుకను చెప్పే భాగం పురాణం కాబట్టి దానిని చరిత్రగా తీసుకోకూడదు. కాని కథ చివర దాతల ఇంటిపేర్లు, తాతల పేర్లు చదివే భాగం వేరు. ఆ కుటుంబం నుంచి కథకుని కుటుంబానికి తరతరాలుగా అందిన హక్కుతో ముడిపడినది కాబట్టి, ఆ భాగాన్ని పహాణీతో పోల్చి చూడడం అవసరం.

పేర్లే ఈ ప్రాంతంలో ఒక చిక్కును తెచ్చిపెడతాయి. కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకొని పుట్టినవారికి కొమురయ్య, కొమురవ్వ అని, ఐలోని మల్లన్న పేరిట ఐలయ్య, ఐలమ్మ అని, పాలకుర్తి సోమేశ్వరుని పేరిట సోమయ్య అని, మేడారం తల్లుల పేరిట సమ్మయ్య, సారక్క అని పెట్టడం వాడుక. దానికి తోడు తాత పేరు మనుమడికి పెడతారు. అందువల్ల ఒకే ఇంటిపేరులో ఒకే కాలంలో ముగ్గురు కొమురయ్యలు ఉండడం వింత కాదు. ఇంటిపేరు, తండ్రి పేరు, సర్వే నంబరు మూడూ కలిసినప్పుడే ఇద్దరూ ఒకే మనిషి అని నిర్ధారించాలి.

ముసలివారు తేదీలు చెప్పరు, సంఘటనలు చెబుతారు. ధాత కరువు అంటే 1876–77లో మొదలై దక్కనును కుదిపివేసిన మహాక్షామం. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి కాబట్టి ధాత అన్నప్పుడు 1876–77 నాటిదా, 1936–37 నాటిదా అని తరాల లెక్కతో సరిచూడాలి. గత్తర అంటే కలరా, అది పలుమార్లు వచ్చింది కనుక ఒక్కదానికే ముడిపెట్టకూడదు. రజాకార్ల కాలం అన్నప్పుడు మాత్రం సందేహానికి చోటు తక్కువ. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ, ఆ తరువాత సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య ఈ ఊళ్లన్నిటికీ కాలాన్ని కొలిచే రాళ్లు. ఫలానా బిడ్డ అప్పటికి నడక నేర్చిందా, చంకలో ఉందా అని అడిగితే, పుట్టిన తేదీ లేని మనిషి వయసు ఒకటి రెండేళ్ల తేడాతో తేలుతుంది.

రెండు సాక్ష్యాలను కలిపే పద్ధతి

కాగితాన్ని, జ్ఞాపకాన్ని కలిపేటప్పుడు ఈనాటి నుంచి వెనక్కి నడవాలే తప్ప, పేరున్న ఏదో పూర్వుని నుంచి కిందికి దిగరాదు. బతికి ఉన్న పెద్దల మాటతో మూడు తరాలను రాసుకొని, పాసుపుస్తకంలోని సర్వే నంబర్లతో పాత పహాణీలను, వాటి నుంచి ఖాస్రా పహాణీని, దాని నుంచి వసూల్ బాకీ ద్వారా సేత్వారును చేరాలి. బడి ప్రవేశ పుస్తకాలు, పాత ఓటర్ల జాబితాలు, పంపకాల దావాలలో దాఖలైన వంశపట్టికలు మధ్యలో ఖాళీలను పూరిస్తాయి. మేనరికాలు మామూలైన తెలుగు సమాజంలో మేనత్త కొడుకు అల్లుడై, మేనమామ కూతురు కోడలై శాఖలు మళ్లీ మళ్లీ కలుసుకుంటాయి. ద్రావిడ బంధుత్వ వ్యవస్థపై థామస్ ట్రాట్‌మన్ 1981లో ప్రచురించిన గ్రంథానికి ఈ వివాహ సంబంధమే కేంద్రం. కొమ్మలు విడిపోతూ మాత్రమే సాగే పాశ్చాత్య వంశవృక్షపు పటంలో ఇటువంటి కుటుంబం ఇమడదు. ప్రతి కోడలి పేరు పక్కన ఆమె పుట్టింటి ఊరును, ఇంటిపేరును రాస్తేనే ఈ అల్లిక కనిపిస్తుంది.

ఈనాటి రికార్డులు కూడా రేపటి వంశచరిత్రకు ఆధారాలే కనుక వాటి లోటును కూడా గమనించాలి. 2017లో భూరికార్డుల ప్రక్షాళన, 2018లో కొత్త పాసుపుస్తకాలు, 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చాయి. ధరణి కాలంలో పట్టాదారు పేరు ఉండి అనుభవదారు గడి లేకపోవడంవల్ల, ఖాస్రా పహాణీ 1954–55లో చూపగలిగిన కౌలురైతును 2020 నాటి రికార్డు చూపలేకపోయింది. యజమానిని మాత్రమే గుర్తుంచుకునే రికార్డు ఎంత ఆధునికమైనదైనా, రైతు చరిత్రకు అది అసంపూర్ణమే.

కాబట్టి తరిగొప్పుల పరిసరాలలోనే కాక తెలంగాణ పల్లెలన్నిటా రైతు కుటుంబాలు చేయవలసిన పని స్పష్టంగా ఉంది. తమ సర్వే నంబర్ల ఖాస్రా పహాణీ నకలును దరఖాస్తు చేసి తీసుకోవాలి. ఇంట్లోని ఉర్దూ కాగితాలను చదవగలవారు ఉండగానే చదివించి తెలుగులో రాయించుకోవాలి. వచ్చే పెత్తరమాస నాటికి ఇంటి పెద్దలను కూర్చోబెట్టి, తాతల పేర్లతో పాటు నానమ్మల, అమ్మమ్మల పేర్లను, వారి పుట్టిన ఊళ్లను ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. భూమి కాగితం నకలు కచేరీలో రేపైనా దొరకవచ్చు, ఎనభై ఏళ్ల అవ్వ చెప్పగలిగిన పేర్లు మాత్రం ఆమె ఉన్నప్పుడే రాసుకోవాలి.

(తరువాయి భాగం: వలస వెళ్లిన శాఖలు)